ఆయిల్ దిగేదాకా

ఎవరైనా ఊరికే సాయం చేస్తామంటే చాలు, వెర్న్ స్టెన్స్‌రూడ్‌కు నిద్ర పట్టదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో అతనున్న ఆ చిన్న ఊరికి ఈ సంగతి తెలుసు కనుక, ఒక్కొక్కరే సాయం చెయ్యడం మానుకున్నారు. ఆదివారాలు అతని పక్కన మోటార్‌సైకిల్ నడిపే మనిషి ఇక ఒక్కడే మిగిలాడు, బావమరిది గోర్డీ. వాడు మోటార్‌సైకిళ్ళ షోరూమ్‌లో మెకానిక్. వెర్న్ లెక్కలో అదే వాడి మొదటి నేరం.

భార్య మార్లీస్‌ను వెనక కూర్చోబెట్టుకుని గుట్ట ఎక్కితే కొత్త బండి రొప్పుతోందని వెర్న్ బాధ. ఇంజన్‌లో క్యామ్ మారిస్తే ఊపు వస్తుంది. అయితే క్యామ్ తిరుగుతూ పైకి తోస్తేనే పుష్‌రాడ్‌లనే ఉక్కు కడ్డీలు వాల్వులను తెరుస్తాయి. అది మారితే కడ్డీల సంగతీ తేల్చుకోవాలి. పైగా బండికి వారంటీ ఇంకా ఏడాది ఉంది.

"మా దగ్గరే కంపెనీ క్యామ్ వేయించుకో బావా. వారంటీకి ఢోకా ఉండదు," అన్నాడు గోర్డీ.

"బయటి క్యామ్ వేస్తే?"

"వేసుకో. బయటి సామాను పెట్టినంత మాత్రాన వారంటీ పోదు, దానికి చట్టం ఉంది. దాని వల్లే చెడిందని తేలితే మాత్రం నీ పక్కన ఎవడూ నిలబడడు. పోనీ అదే వేసుకో, పాత కడ్డీలు మాత్రం కొయ్యకు. ట్యాంకు దింపి, పైమూతలు విప్పి తియ్యి. అవి చేతిలో ఉంటే ఎప్పుడన్నా మళ్ళీ పాతట్టే బిగించుకోవచ్చు. ఇంతకీ ఏ క్యామ్ అనుకుంటున్నావు?"

పాత కడ్డీల మీద వీడికెందుకింత ప్రేమ? ట్యాంకు దింపితే రోజంతా పని. ఆ కూలి ఎవరికి, షోరూమ్‌కి కాదూ? పైగా క్యామ్ పేరు కూడా కావాలట. రేపు పొద్దున్నే తీసుకెళ్ళి కంపెనీ కంప్యూటర్‌లో ఎక్కించడానికి కాకపోతే ఎందుకు?

"ఆ ఆలోచన మానేశాన్రా," అన్నాడు వెర్న్.

మానలేదు. బయటి క్యామ్‌తో పాటు పొడవు సర్దుకునే కడ్డీలు తెప్పించాడు. వాటితో సుఖమేమిటంటే పైమూతల జోలికి పోనక్కర్లేదు. పాతవాటిని బోల్ట్ కట్టర్‌తో నరికి లాగి పారెయ్యడమే. శనివారం మార్లీస్ చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి వెళ్ళగానే గరాజ్ షట్టర్ దించుకుని, పాత కడ్డీలు నాలుగూ నరికేశాడు. చేతికి హాయిగా అనిపించింది.

సర్దుకునే కడ్డీలకు ఒకే పథ్యం. పొడవు సర్ది బిగించాక, కింద కడ్డీని మోసే లిఫ్టర్‌లో చిక్కుకున్న ఆయిల్ మెల్లగా దిగాలి. కడ్డీ వేళ్ళతో తిప్పితే తిరిగేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యకూడదు. చేస్తే తెరుచుకునే ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి గుద్దుతుంది. అంతసేపు చేతులు ముడుచుకుని కూర్చోవాలి కనుక, ఆ ఊళ్ళో ఎవరు ఈ పని పెట్టుకున్నా ఇంకొకరు బీర్లు పట్టుకొచ్చి తోడు కూర్చోవడం రివాజు. వెర్న్ ఎవరినీ పిలవలేదు.

ముందు సిలిండర్ కడ్డీలు అప్పుడే బిగించాడు. బయట గోర్డీ ట్రక్కు ఆగిన చప్పుడైంది.

వెర్న్‌కు ఒకటే తట్టింది. నిఘా. ఇంకేముంటుంది? కడ్డీలను కప్పే గొట్టాలు గబగబా మూసేసి, నరికిన ముక్కల్ని కాలితో బల్ల కిందకు తోశాడు.

"ఏం చేస్తున్నావు బావా?" షట్టర్ అవతల గోర్డీ గొంతు.

"ఏమీ లేదు. బండి తుడుస్తున్నా."

ఆ మాట తనకే అతకలేదు. బండి భేషుగ్గా ఉందని వాడి చెవిన పడాలనుకుని స్టార్టర్ నొక్కాడు. లోపల ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఠంగుమంది. ఇంజన్ బిగుసుకుపోయింది.

గోర్డీ షట్టర్ ఎత్తాడు. వాడి చేతిలో బీరు డబ్బాల పెట్టె, సాసేజ్‌ల పొట్లం ఉన్నాయి.

"ఆయిల్ దిగేదాకా ఆగలేదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నువ్వు మానేశానన్నావంటే మొదలెట్టినట్టే. ఒక్కడివే కూర్చోవాలి కదా, తోడుంటానని వచ్చా."

వాడు వంగి ఇంజన్ చూశాడు. వెర్న్ వాడి మొహమే చూస్తున్నాడు.

"వాల్వు వంగింది. షోరూమ్‌కి మాత్రం తేకు బావా. తెస్తే విప్పేది నేనే, చూసింది రాయాలి. అబద్ధం రాయలేను. వారంటీ మర్చిపో. సోమవారం నుంచి సెలవు పెడతా, ఇక్కడే ఇద్దరం కలిసి విప్పుదాం."

వెర్న్‌కు సిగ్గేసింది. నిజంగానే వేసింది. మంచి మాట ఒకటి గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అది అనుమానానికి అలవాటు పడ్డ నోరు.

"ఊరికే ఎందుకు చేస్తావు? ఇందులో నీకేం వస్తుంది?"

 గోర్డీ బీర్లు బల్ల మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఏం రాదు బావా. ఇన్నేళ్ళూ వచ్చింది కూడా ఏం లేదు."

ట్రక్కు వీధి చివర మలుపు తిరిగేదాకా వెర్న్ వాకిట్లోనే నిలబడ్డాడు. ఒక మనిషి విషయంలో అతనికి ఏ అనుమానమూ లేకపోవడం జీవితంలో అదే మొదటిసారి. గోర్డీ ఇక రాడు.