ఎనిమిది మీద వస్తున్న పడవ

రక్షణ పడవ ఎక్కడుందో పావుగంటకోసారి తెర మీద చూసి, గోడకున్న పటం మీద పెన్సిలుతో చుక్క పెట్టడం ఆయన పని. పదిహేనేళ్లుగా అదే పని కావడంతో ఆఫీసులో అందరికీ ఆయన చుక్కలాయనే. ఈసారి చుక్కలు పెట్టీ పెట్టీ రెండు రోజులైంది. కళ్లు మంటలు, నడుము కొయ్యబారింది. ఇంటికి వెళ్లమన్నా కదల్లేదు. వెళ్తే భార్య ముఖం చూడాలి. గల్లంతైన చేపల పడవలో ఒంటరిగా ఉన్నది ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు.

నిన్నంతా చుక్కలు పొలం దున్నినట్టు అటూ ఇటూ తిరిగాయి. వెతుకుతున్నారన్నమాట. ఈ మధ్యాహ్నం ఒకే చోట మూడు చుక్కలు పడ్డాయి. ఏదో దొరికింది. తర్వాత తిన్నగా రేవు వైపు మళ్లాయి. అడుగుదామంటే పొద్దున ఓ పెద్ద అల రక్షణ పడవలోని రేడియోను మూగదాన్ని చేసింది. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం కొలిచాడు. వేగం గంటకు ఎనిమిది మైళ్లు. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచాడు. ఎనిమిదే.

ఫోను మోగింది. భార్య. ఆవిడా ఇంట్లో కూర్చుని అదే పడవను ఫోనులో చూస్తోంది.

"ఎనిమిదే చూపిస్తోందండీ."

"తొందరపడి ఏదీ అనుకోకు."

"మీరే కదా చెప్పేవారు! బతికున్న మనిషైతే ఇరవై మీద పరిగెత్తుకొస్తారు, ప్రాణం పోయాక తొందరేముంది, ఎనిమిది మీద వస్తారని. భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పారు!"

పెట్టేసింది. పెద్ద ఆరిందాలా ఆ ముక్కలు చెప్పిన తన నోటిని తనే తిట్టుకున్నాడు.

ఇంకో రెండు చుక్కలు పెట్టాక రేడియో గురగురమంది. రక్షణ పడవ కెప్టెను.

"రేడియో ఇప్పుడే బాగైంది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు సార్! ఇంజిను చెడిన పడవని వదిలి రానని భీష్మించుకు కూర్చున్నాడు. చేసేది లేక తాడు కట్టి లాక్కొస్తున్నాం."

చుక్కలాయన ఇంటికి ఫోను చేశాడు. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో అర్థమైంది. కాసేపాగి అత్తగారికే చేశాడు.

"అమ్మాయి చెప్పింది బాబూ," అన్నారావిడ. గొంతు వణకనైనా వణకలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు? రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదటగా. ఇంటికెళ్లి పడుకో నాయనా."

"బతికే ఉన్నాడత్తయ్యా. పడవని కూడా లాక్కొస్తున్నారు, అందుకే నెమ్మది," అన్నాడు.



"వాడికి ఆఖరుసారి తొడగడానికి... ఉతికిన చొక్కా తీసి మంచం మీద పెట్టాను బాబూ."

"అక్కడే ఉంచండి. తడిసిపోయి వస్తున్నాడు."

అప్పుడు ఘొల్లుమన్నారావిడ. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆయన అలాగే కూర్చున్నాడు. పావుగంట దాటిపోయినా చుక్క పెట్టలేదు.