క్షమించానన్న అబద్ధం

ఇస్సాకు అయ్యగారి ఫోను ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. విశ్వాసులు ఒట్లు పెట్టుకోకూడదంటారు. పెట్టుకున్నాను, ఏం చేస్తారు? అప్పటికి మా ఆయన సృజన్ జర్మనీలోని లైప్‌జిగ్ ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో పడి ఉన్నాడు. ఆ గొట్టానికి కారణం ఈయనగారి దగ్గు.

జరిగింది చెబుతాను. కరోనా వచ్చిన ఏడాది, నవంబరు నెల. మా కూడికలన్నీ జూమ్‌లోకి మారిపోయి అప్పటికే చాలా కాలమైంది. ఈ ఊళ్లో తెలుగు విశ్వాసులం నాలుగైదు కుటుంబాలం. ఇస్సాకు గారు మాకు పెద్ద. పాస్టరేం కాదు, ఏళ్ల తరబడి ఇక్కడే ఇంజినీరు. అయినా అందరం అయ్యగారనే పిలుస్తాం. వాళ్లావిడ బాపట్ల వెళ్లి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడిపోయింది. సృజన్ ఉద్యోగం ఊగిసలాడుతోందని తెలిసి, "జూమ్‌లో ఏం ప్రార్థనమ్మా, నేనే వచ్చి తలమీద చెయ్యుంచి చేస్తాను" అంటూ అయ్యగారు మా ఇంటికి వచ్చారు.

వస్తూనే దగ్గారు. "చలికి గొంతు పట్టేసింది, ఇంకేం లేదులే" అన్నారు. ముందురోజు జ్వరం వచ్చిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. మాస్కు తీసేసి, సృజన్ తలమీద రెండు చేతులూ ఉంచి, మొహంలో మొహం పెట్టి గొంతెత్తి ప్రార్థన చేశారు. పెద్దవాళ్లు చెయ్యుంచుతానంటే వద్దనేవాళ్లు మాలో ఉంటారా? తల వంచేస్తాం. సృజన్ కూడా వంచాడు.

వారం తిరక్కుండా ముగ్గురం మంచానపడ్డాం. నాకూ, ఐదేళ్ల మా హెప్సికీ జలుబులా వచ్చిపోయింది. అయ్యగారికీ తగ్గిపోయింది. సృజన్‌ని మాత్రం అంబులెన్సు ఎక్కించారు. "హెప్సికి సాక్సులు వెయ్యి, నేల చల్లగా ఉంది" అని మెట్ల మీద నుంచి చెప్పాడు. ఆ తర్వాత అతని గొంతు నేను వినలేదు. అయ్యగారు జ్వరం దాచిన సంగతి ఆయనే ఫోన్లో ఏడుస్తూ ఒప్పుకున్నాక, ఇక ఫోను ఎత్తడం మానేశాను.

కోపం ఒక్కటే అయితే భరించేదాన్ని. మా అమ్మ పెంపకం ఒకటి ఉందే, అది నన్ను నిలువునా కోసింది. "మనసులో పగ పెట్టుకున్నవాళ్ల ప్రార్థన ఇంటి కప్పు దాటదే" అనేది అమ్మ. ప్రభువు బల్లలో రొట్టె తీసుకునే ఆదివారం, ఎవరితోనైనా మాటల్లేకపోతే ముందు వాళ్లింటికి వెళ్లి సమాధానపడి వచ్చేది. కుళాయి దగ్గర పోట్లాడిన మనిషైనా సరే. లేదంటే రొట్టె ముట్టేది కాదు.

నేను పొద్దున్నే మోకాళ్లూనేదాన్ని. "ప్రభువా, సృజన్‌ని..." అనేలోపు ఇస్సాకు గారి మొహం కళ్లముందుకొచ్చేది. ఒళ్లు భగ్గున మండేది. లేచిపోయేదాన్ని. ఇంతకీ దీనర్థం ఏమిటి? నేను క్షమించకపోతే దేవుడు వినడు. దేవుడు వినకపోతే సృజన్ బతకడు. క్షమించడం నా చేతిలోని పనే, కానీ చెయ్యి తెరుచుకోదు. నా మొగుణ్ణి నేనే చేజేతులా చంపుకుంటున్నానని కుమిలిపోయాను. ఇది ఎవరితో చెప్పుకోను?

కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయని డాక్టరు చెప్పిన రోజు, ఇక ఆగలేకపోయాను. ఒట్టూ లేదు గిట్టూ లేదు. నేనే ఫోన్ చేశాను.

"అయ్యగారూ, మిమ్మల్ని క్షమించాను."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదిమాను.

"వినపడిందా? క్షమించాను. మనసులో ఇంకేమీ లేదు."

"ప్రవీణమ్మా," అన్నారు. "ఆ మాట నీ గొంతులో లేదు తల్లీ."

"నా గొంతుతో మీకేం పని? దేవుడు వింటే చాలు."

"నేను సృజన్ కోసం ఉపవాసం ఉన్నానమ్మా. ఆ పిల్లాడు లేచేదాకా మెతుకు ముట్టను."

"ఉండండి! మీరు తింటే నాకేం, మానితే నాకేం?" అని ఫోను పెట్టేశాను. క్షమించిన రెండు నిమిషాలకే ఇదీ నా వరస.

వెంటనే మోకాళ్లూనాను. "చెప్పేశాను కదా ప్రభువా, ఇక విను" అన్నాను. దేవుణ్ణే బోల్తా కొట్టిద్దామనుకున్న వెర్రిదాన్ని నేను.

మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఇవాళే రండి, ఒక్కరే రండి, పిల్లలకు అనుమతి లేదు అన్నారు. ఇవాళే రమ్మనడంలో ఏముందో అర్థం కానంత పిచ్చిదాన్ని కాదు. హెప్సిని ఎక్కడ వదలను? పాప వెళ్లే కిటా, అదే చిన్నపిల్లల బడి, మూసేశారు. కింది ఫ్లాట్లో నవ్యశ్రీ ఉంది, హైదరాబాదు అమ్మాయి. మేం క్వారంటైన్‌లో ఉన్నన్నాళ్లూ గుమ్మంలో కూరలు పెట్టి వెళ్లిన మనిషి. తలుపు తట్టాను. తెరవకుండా లోపలి నుంచే ఏడ్చింది. "నిన్ననే నాకు పాజిటివ్ వచ్చింది గదా అక్కా, పాపను ఎట్ల ఉంచుకోవాలె?"

సంఘంలో ఒకరు ఫోను ఎత్తలేదు. ఇంకొకరు, "మా బాబు చంటోడు కదా సిస్టర్, మీ ఇంటికంటే భయంగా ఉంది. ప్రార్థనలో పెడతాం" అన్నారు.

"ప్రార్థనలో పెట్టండి, ఫ్రిజ్‌లో పెట్టండి, నాకు మాత్రం ఇప్పుడు మనిషి కావాలి" అని కసిరాను.

ఇక మిగిలింది ఒక్కరే. రోగం వచ్చి తగ్గినవాడు, మా ఇంటికి రావడానికి భయం లేనివాడు.

"రండి, హెప్సిని చూసుకోవాలి" అన్నాను. వందనాలు కూడా చెప్పలేదు. ట్రామ్ దిగి పరుగున వచ్చినట్టున్నారు, ఆయాసపడుతున్నారు. మనిషి సగమైపోయాడు, కోటు వేలాడుతోంది. నేను లోపలికి రమ్మనేదాకా గుమ్మం బయటే నిలబడ్డారు.

"అమ్మా, ఆ రోజు నేను..."

"ఇప్పుడు కాదు. పాపకి పన్నెండింటికి అన్నం పెట్టండి. కుక్కర్లో ఉంది." ఆయన మొహం చూడకుండా మెట్లు దిగాను.

ఆసుపత్రిలో నర్సు నాకు గౌను, గ్లవుజులు, రెండు మాస్కులు తొడిగింది. సృజన్ మంచం దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాను. గొట్టాలకు అడ్డమని కాబోలు, మీసం తీసేశారు. మీసం లేని సృజన్‌ని నేనెన్నడూ చూడలేదు. ఎవరి బిడ్డో అనిపించాడు.

చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాను. "క్షమించాను, క్షమించాను, క్షమించాను." ప్రతి మాటకీ పైనున్న మానిటరు వంక చూశాను, అంకె ఏమైనా పెరిగిందా అని. పెరగలేదు. చివరికి విసిగిపోయి ప్రార్థన మానేశాను. నోటికొచ్చిందల్లా సృజన్‌తోనే చెప్పాను. హెప్సికి ముందు పన్ను కదులుతోందని, నవ్యశ్రీకి కూడా వచ్చిందని, నాకు భయంగా ఉందని. మధ్యాహ్నం దాటాక అతని చెయ్యి నా చేతిలో ఉండగానే పోయాడు. గ్లవుజులు తియ్యనివ్వలేదు.

ట్రామ్‌లో నాకు ఏడుపు రాలేదు. ఇక దేవుడితో బేరం లేదు. క్షమిస్తే వచ్చే లాభం లేదు, క్షమించకపోతే పోయే ప్రాణమూ లేదు. ఇస్సాకు గారిని అనాల్సిన మాటలు ఒక్కొక్కటే పేర్చుకున్నాను. జ్వరం దాచావు. నీ చేత్తో చంపావు. నీ ప్రార్థన తగలబడ. మెట్లెక్కేటప్పటికి అవన్నీ నాలుక చివరే ఉన్నాయి.

తలుపు తీశాను. ఇస్సాకు గారు నా మొహం చూసి, ఉన్నపళంగా నా కాళ్ల దగ్గర కూలబడ్డారు.

"చంపేశానమ్మా. జ్వరం దాచాను. జ్వరమంటే మీరు రానివ్వరని దాచాను. నా చేతుల్తో చంపేశాను. నా ప్రార్థన తగలబడ!"

నేను పేర్చుకున్నవన్నీ ఆయనే అనేశారు.

హెప్సి బొమ్మ పట్టుకుని వచ్చింది. "అమ్మా, వారుమ్ వైన్ట్ ఎర్?" అని జర్మన్‌లో నన్ను అడిగింది. ఆయన ఎందుకేడుస్తున్నాడట.

"ఆకలేసి," అన్నాను.

నోట్లోంచి అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. కానీ అనేశాక వంటింట్లోకి వెళ్లాను. కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, మాగాయ ముక్క పక్కన పెట్టాను. బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

"నేను ఉపవాసం తల్లీ."

"ఎవరి కోసం? ఆయన లేడు. తినండి."

అన్నం కలపడం ఆయనవల్ల కాలేదు. నేనే కలిపాను. ఆయన కంచం వంకే చూస్తూ, "నన్ను క్షమించావా అమ్మా?" అని అడిగారు.

"లేదు. నిన్న చెప్పింది అబద్ధం. రేపు క్షమిస్తానో లేదో కూడా తెలీదు. కానీ రేపు ఆఫీసుల చుట్టూ తిరగాలి, హెప్సి దగ్గర ఎవరూ లేరు. పొద్దున్నే రండి."

మా ఇంట్లో ప్రార్థన చెయ్యకుండా ముద్ద ఎత్తం. హెప్సి చేతులు జోడించి మా ఇద్దరి వంకా చూస్తోంది. ఆయన తల వంచుకున్నారు. నేనే కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఈయన్ని క్షమించడం నావల్ల కావడం లేదు. ఈ అన్నం మాత్రం ఈయన ఒంటికి పట్టేలా చెయ్యి."

"ఆమేన్," అని హెప్సి గట్టిగా అంది. వెంటనే ఆయన మోచెయ్యి పట్టుకుని, "అంకుల్, నాన్నెప్పుడొస్తాడు?" అని అడిగింది.

ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన నా వంక చూశారు. ఆ చూపు చూడలేకపోయాను.

"నేను చెబుతాలెండి," అని పాపను ఒళ్లోకి తీసుకున్నాను. "మీరు తినండి అయ్యగారూ."