ఊరుకోని బొటనవేలు

చీలమండ దగ్గర సన్నటి జలదరింపు.

చీమల బారు పాకినట్టు... ఆగి, మళ్ళీ పాకినట్టు.

బొటనవేలు తనంతట తానే ముడుచుకుంటోంది.

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. కుట్టు మిషన్ ముందు కూర్చుంటే లేవదని పేరు. అది ఒకప్పటి మాట. ఇప్పుడు చొక్కాకి ఒక చెయ్యి కుట్టేలోపు లేవాలి. రెండో చెయ్యి కుట్టేలోపు మళ్ళీ లేవాలి. ఒంటికి వచ్చిందంటే ఆగదు... గడియ తీసేంత గడువు కూడా ఇవ్వదు.

కూతురికి బిడ్డ పుట్టి నెలలైంది. ఆ ఊరికి ఒక పూట బస్సు ప్రయాణం.

మిషనమ్మ వెళ్ళలేదు.

పని ఉందంది. నడుము నొప్పి అంది. మళ్ళీ పని ఉందంది. బస్సులో ఆపుకోలేనని మాత్రం కన్నకూతురితో కూడా అనలేదు. సిగ్గు.

"నీకు మాకంటే మిషనే ఎక్కువమ్మా" అంది కూతురు. ఆ మాట ములుకులా గుచ్చుకుంది.

చివరికి ఆసుపత్రికి వెళ్తే నర్సు ఒక చిన్న పెట్టె ఇచ్చింది. రెండు తీగలు, రెండు పట్టీలు. చీలమండ పక్కన నరాన్ని మెల్లగా తడుతూ ఉంటే మూత్రాశయం తొందర తగ్గించుకుంటుందట. రోజూ అరగంట, ఇంట్లోనే. కదలకుండా కూర్చుంటే చాలంది.

కదలకుండా... చేతులు ఊరుకుంటాయా?

ఈ పూట మనవరాలి గౌను ముందేసుకుంది. కరెంటు మిషన్ పెడల్ మీద కుడికాలు. పట్టీలూ ఆ కాలికే.

వేలు ముడుచుకుంది — మిషన్ పరుగెత్తింది. వేలు వదిలింది — ఆగింది. మళ్ళీ పరుగెత్తింది.

తేరుకునేసరికి గౌను మెడ మూసుకుపోయింది. కుట్టు మాత్రం గట్టిది.

నవ్వొచ్చింది. నవ్వుతూనే కూతురికి ఫోన్ చేసి గౌను సంగతి చెప్పింది. అది చెప్పాలంటే పట్టీల సంగతి చెప్పాలి. చెప్పింది. బస్సు సంగతీ చెప్పేసింది.

కూతురు గొంతు తగ్గించింది.

"అమ్మా... కాన్పు అయినప్పట్నుంచి తుమ్మితే నాకూ ఆగట్లేదు. ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పొచ్చు కదే" అనబోయి నోరు మూసుకుంది. తను చెప్పిందా ఏమన్నా?

"రేపు బస్సెక్కుతున్నా."

"ఎన్నింటికి దిగుతావు?"

"దారి పొడుగునా దిగుతూనే ఉంటా. నీ దగ్గర ఎప్పుడు దిగుతానో బస్సుకే తెలియాలి."

కూతురు పకపకా నవ్వింది. అంతలోనే "అయ్యో... ఉండమ్మా" అని ఫోన్ పక్కన పడేసి పరుగెత్తింది.

ఫోన్‌లో పసిపిల్ల ఊ... ఊ... అంటోంది.

మిషనమ్మ కదలకుండా వింటోంది.