గిటారు ఊసెత్తని గది

కృపాకర్ ఇంట్లో ఇవాళ పొద్దున్నుంచి ఒక గది ఎక్కువగా ఉంది.

వంటగదికీ స్నానాలగదికీ మధ్య, నిన్నటిదాకా పెచ్చులూడే గోడ ఉన్నచోట ఇప్పుడు ఒక తలుపు ఉంది. తలుపు మీద బోర్డు: "పిచ్చాపాటీ. ఇక్కడ గిటారు ఊసెత్తరాదు." కృపాకర్ పళ్ళు తోముకుంటూ ఆ బోర్డు చదువుతాడు. నోరు పుక్కిలించి వచ్చి మళ్ళీ చదువుతాడు. ఆశ్చర్యమేమీ పడడు. కింద వాటాలో ఉండే ఇంటాయనకి తెలిస్తే అద్దె పెంచుతాడేమోనని మాత్రం అనుకుంటాడు.

నిజానికి ఆ గది అతనికి కొత్త కాదు. ఎలక్ట్రిక్ గిటారు మిత్రమండలి అని ఆన్‌లైన్లో ఒక గుంపుంది. అందులో హాలు అనేచోట గిటార్ల సంగతే మాట్లాడాలి. తక్కిన లోకం సంగతి మాట్లాడాలంటే పిచ్చాపాటీలోకి పోవాలి. హాల్లో ఎప్పుడు చూసినా ఈగలు తోలుకుంటూ ఉంటారు. పిచ్చాపాటీలో మాత్రం ఇసుక వేస్తే రాలదు. గిటారు మీద ప్రేమతో చేరినవాళ్ళందరూ గిటారు మాట నిషిద్ధమైన చోట ఎందుకు మూగుతారో అడక్కూడదు, మనుషులంతే.

కృపాకర్ తెనాలి మనిషి. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. పోయిన వానాకాలం పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, ఎడమచేతి వేళ్ళు మాత్రం రాలేదు. ఆర్కెస్ట్రావాళ్ళు ఒకసారి బత్తాయిలు పట్టుకొచ్చి చూసిపోయారు. ఆ తర్వాత ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే, అదీ కూతలయిపోగానే ఊరుకుంటుంది. అందుకే అతనికి పిచ్చాపాటీ అంటే ప్రాణం. తన చెయ్యి సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ సాయంత్రం మిత్రమండలిలో హాజరు. ఏడాదికొకసారి ప్రతి సభ్యుడూ గిటారు మీద ఏదో ఒక ముక్క అందరూ చూస్తుండగా వాయించాలి. వాయించనివాళ్ళ పేరు తీసేస్తారు. పేరు పోతే పిచ్చాపాటీ కూడా పోతుంది. కృపాకర్ లుంగీ సర్దుకుని తలుపు తోస్తాడు.

లోపల రాజమండ్రి వీరభద్రం కుర్చీలో ఉన్నాడు. ఆయన మండలిలో తన ఫొటో బదులు పనసకాయ బొమ్మ పెట్టుకున్నాడు కాబట్టి పనసకాయగానే కూర్చున్నాడు. పక్కన హనుమకొండ స్వర్ణలత సగమే ఉంది. ఎవరి పెళ్ళిలోనో దిగిన ఫొటోని కత్తిరించి పెట్టుకుంది, అందుకని ఒక కన్ను, ఒక చెవి, ఒక భుజం, ఆ భుజం మీద కత్తెరకు దొరక్క మిగిలిపోయిన ఎవరిదో చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదని కృపాకర్ అడగడు. ఈ గదిలో అలాంటివి అడిగే అలవాటు లేదు.

"రండి కృపాకర్ గారూ, సమయానికొచ్చారు," అంటుంది పనసకాయ. "మీరే చెప్పండి. బస్సులో కిటికీ అద్దం ముందు సీటువాడిదాండీ, వెనక సీటువాడిదాండీ?"

"ముందటోనిది ఎట్లయితది?" అంటుంది స్వర్ణలత. "ఆయన జరుపుకుంటే గాలి ఆయనకొస్తది, వాన నాకొస్తది."

"వాన వెనక్కి పోతే అది వాన తప్పండి. మధ్యన అద్దం ఏం చేసిందండీ పాపం."

కృపాకర్ గోడకానుకుని ఆలోచిస్తాడు. "అద్దం ఇద్దరిదీ కాదండి," అంటాడు. "నుంచున్నోడిది. కూర్చున్నోళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే చూసేది వాడేగా."

పనసకాయ పగలబడి నవ్వుతుంది. గదంతా పనసతొనల వాసన. స్వర్ణలత ఒంటి కన్నూ నవ్వుతుంది, భుజం మీది చెయ్యి కూడా చప్పట్లకి జోడు వెతుక్కుంటుంది. వాదన సాగిన కొద్దీ గది పొడుగవుతూ పోతుంది, కుర్చీలు ఒకదానికొకటి దూరమవుతుంటాయి, ఎవరూ పట్టించుకోరు. కృపాకర్ ఈ మధ్య ఇంత సంతోషంగా లేడు.

అప్పుడు పెద్దాయన వస్తాడు. మండలి నడిపేది ఆయనే. ఫొటో పెట్టుకోనివాళ్ళకి ఫోనే తగిలించే బూడిదరంగు బొమ్మ ఉంటుందే, తలా భుజాలూ తప్ప మొహం లేనిది, ఆయన అదే.

"సాయంత్రం హాజరు," అంటాడు పెద్దాయన. "గిటార్లు దుమ్ము దులుపుకోండి."

దాచి లాభంలేదని కృపాకర్‌కి తెలుస్తుంది. వీళ్ళు తనవాళ్ళు కదా, వీళ్ళకి కాకపోతే ఎవరికి చెప్పుకుంటాడు. గొంతు సవరించుకుని అంటాడు:

"నా ఎడమచేతి వేళ్ళు తీగ నొక్కటంలేదండి."

ఆ వాక్యం అతని నోట్లోంచి జారి ధన్‌మని నేలమీద పడుతుంది. గ్యాస్ సిలిండరంత ఉంది. గచ్చు కొంచెం చిట్లుతుంది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అంటుంది పనసకాయ, ఇంకా నవ్వుతూనే. వీరభద్రం చెడ్డవాడు కాదు. ఈ గదిలో నవ్వడం ఆపే అలవాటు ఆయనకి లేదు, అంతే. అయినా ఆ మాట కృపాకర్‌కి గుచ్చుకుంటుంది.

పెద్దాయన వంగి వాక్యాన్ని పరీక్షగా చూస్తాడు. "ఇందులో తీగ ఉంది. తీగ గిటారుది. ఇది హాల్లో ఉండాలి."

సిలిండరు తెచ్చే కుర్రాళ్ళలాగే ఒక పక్కకి ఒరిగించి, అంచు మీద దొర్లించుకుంటూ తీసుకుపోతాడు. వంటగది దాటించేటప్పుడు కృపాకర్ కూడా కుడిచేత్తో ఒక పట్టు పడతాడు. అతని ముందుగది ఇప్పుడు మండలి హాలు. గోడలకి వరసగా అందరి గిటార్లూ ఆనించి ఉన్నాయి, మనిషన్నవాడు లేడు.

అక్కడ పెద్దాయన వాక్యాన్ని మళ్ళీ చూస్తాడు. "ఇందులో వేళ్ళున్నాయి. వేళ్ళు ఒంటివి. ఒంట్లో సంగతులు పిచ్చాపాటీలోకి పోవాలి."

మళ్ళీ దొర్లిస్తారు. పిచ్చాపాటీలో దింపగానే తీగ కనిపిస్తుంది, హాల్లో నిలబెట్టగానే వేళ్ళు కనిపిస్తాయి. రెంటికీ చెడ్డ రేవడిలా ఆ వాక్యం మధ్యాహ్నందాకా ఇల్లంతా తిరుగుతుంది. కృపాకర్‌కి ఆయాసం వస్తుంది. పెద్దాయనకి మొహం లేదు గనక చెమట పట్టదు.

ఇక పిచ్చాపాటీలో కిటికీ వాదన మూలపడుతుంది. ఈ వాక్యం ఏ గదిదన్నదే కొత్త వాదన.

"తీగ లేకపోతే వేళ్ళు నొక్కేదేంటండీ?" అంటుంది పనసకాయ. "కాబట్టి హాలుదే."

"ఏళ్ళు లేకుంటే తీగ ఉండి ఏం జేస్తది?" అంటుంది స్వర్ణలత. "ఈ గదిదే."

గది ఇంకా ఇంకా పొడుగవుతుంది. ఇంతమంచి వాదన ఈ మధ్యకాలంలో పడలేదని పనసకాయ మురిసిపోతుంది. కృపాకర్ ఇద్దరి మధ్యా నిలబడి అటొకసారి ఇటొకసారి చూస్తాడు. అతని గురించే అంతసేపు మాట్లాడుతున్నారు, అతనితో మాట్లాడేవాళ్ళు లేరు. అతనికి ఏడుపొస్తుంది. ఏ గదిలో ఏడవాలో తెలియక మింగేస్తాడు.

ఉన్నట్టుండి స్వర్ణలత వాదన మధ్యలో ఆగిపోతుంది. ఉన్న ఒక్క కన్నూ తిప్పి అతన్ని చూస్తుంది.

"అదంత గాదు గని, నొస్తున్నదా అన్నా?"

గది పొడుగవడం ఆగిపోతుంది. ఆ ప్రశ్న చప్పుడు కాకుండా నేలమీద వాలుతుంది. మూతపెట్టిన అన్నం గిన్నెలా వెచ్చగా ఉంది.

పెద్దాయన దానిచుట్టూ తిరిగి చూస్తాడు. "ఇది గిటారుది కాదు. పిచ్చాపాటీదీ కాదు. పిచ్చాపాటీలో అక్కర్లేని మాటలే ఉండాలి. ఇది అక్కర ఉన్న మాట." ఎవరూ అడ్డం చెప్పరు. రూలు రూలే కదా. పెద్దాయన సిలిండరునీ గిన్నెనీ తీసుకుని స్నానాలగది పక్కకి నడుస్తాడు. అక్కడ ఇంకో తలుపుంది. దానికి బోర్డు లేదు. రెంటినీ లోపల పెట్టి వస్తాడు.

"వాక్యం వెనక్కి తీసుకుంటానంటే ఇక్కడే ఉండొచ్చు," అంటాడు కృపాకర్‌తో. "ఈ సాయంత్రం మీరు వాయించకపోయినా నేను చూడనట్టే ఉంటాను. ఆ తలుపు దాటితే మాత్రం పేరుండదు."

"కూర్చోండి సార్," అంటుంది పనసకాయ. "అద్దం సంగతి ఇంకా తేలనేలేదు."

కృపాకర్‌కి కూర్చోవాలనే ఉంది. ఆ కుర్చీ, ఆ పనస వాసన, రేపు ఇంకో వాదన, ఎల్లుండి మరోటి. ఇవి లేకపోతే ఇంట్లో కుక్కరే గతి. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. జవాబు చెప్పేలోపు అది చల్లారిపోతుందేమోనని అతనికి భయం వేస్తుంది.

వీరభద్రం సంతోషం కోసం, "ముందు సీటువాడిదేనండి అద్దం," అంటాడు. స్వర్ణలతకేసి తల ఊపి, బోర్డు లేని తలుపు తీసుకుని లోపలికి వెళతాడు.

వెనక తలుపు మూసుకోదు, గోడైపోతుంది. అవతల మళ్ళీ వాదన మొదలైనట్టు సన్నగా వినిపిస్తుంది, తర్వాత వినిపించదు.

ఈ గదికి ఆ చివర కనిపించదు. పేర్లు పోయినవాళ్ళంతా నేలమీద ఒకరి వెనక ఒకరు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క సిలిండరు. ఒకరి మొహం ఒకరికి కనబడదు, మాటల్లేవు. మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడ స్వర్ణలత ప్రశ్న ఇంకా వెచ్చగానే ఉంది. కృపాకర్ దాని పక్కన కూర్చుంటాడు.

"నొప్పి లేదమ్మా," అంటాడు దానితో. "ఉంటే బావుండేది. చెయ్యి నాదిలా లేదు. పక్కింటోళ్ళ చెయ్యేదో నా దగ్గర పెట్టి మర్చిపోయినట్టుంది."

హనుమకొండ చాలా దూరం. కానీ వెనక కూర్చున్న మనిషెవరో అతని చెవి పట్టుకుని, గిటారు శ్రుతి చేసే బిరడా తిప్పినట్టు, నెమ్మదిగా మెలిపెడతాడు. నొప్పిగా ఉండదు. మెలి తిరిగిన కొద్దీ కృపాకర్ ఎడమచేతి వేళ్ళ చివర్ల నుంచి సన్నటి ఉక్కుతీగలు బయటికి వచ్చి, గాల్లో సాగి, ముందు కూర్చున్నామె చెవికి చుట్టుకుని బిగుసుకుంటాయి.

ఎక్కడినుంచో ఒక గోరింక వచ్చి చిటికెనవేలి తీగ మీద వాలుతుంది. తీగ కొద్దిగా వంగి, మోగుతుంది. ఆ వేలికి పిట్ట బరువు తెలుస్తుంది. కృపాకర్ ఊపిరి బిగబట్టి, అది ఎగిరిపోకుండా, అలాగే చెయ్యి చాపి కూర్చుంటాడు.