రాని ఫారం

నివేదిక నాలుగింటికి బయటికి వెళ్లాలి. పదకొండున్నర దాటినా గణాంకాధికారి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

దేశం వదిలే కార్బన్ డయాక్సైడ్ పోయిన ఏడాది నూటికి నాలుగు వంతులు తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పడం ఆమె పని. సరుకు తయారీ తగ్గిందా, లేక అదే సరుకును తక్కువ బొగ్గుతో చేస్తున్నారా అని విడదీయాలి. లెక్క ప్రకారం ఘనతంతా రెండోదానిదే. డైరెక్టర్ పొద్దుటి నుంచి నేల మీద నడవడం లేదు.

ఆమెకే మింగుడు పడలేదు. లేచి నిలబడే ఫైళ్లు తిరగేసింది. సిమెంటు కర్మాగారాల జాబితాలో ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. అన్నయ్య పనిచేసిన చోటు. మూతపడి ఏడాదైంది. అన్నయ్య ఇప్పటికీ షిఫ్టు వేళకే లేస్తాడు. వెళ్లడానికి చోటు లేక, కారని కుళాయిలు కూడా విప్పి బిగిస్తాడు. వాటినైనా బతకనివ్వమని వదిన పోరు.

మూతపడ్డ కర్మాగారం ఫారం పంపలేదు. ఫారం రాకపోతే అంతకుముందు ఏడాది ఉత్పత్తినే దించెయ్యడం ఆఫీసు అలవాటు. దించింది ఆమే. బొగ్గు అంకె మాత్రం రైల్వే ఇచ్చింది, అది పడిపోయింది. కాగితం మీద ఆ కర్మాగారం బట్టీ సగం బొగ్గైనా లేకుండానే ఏడాది సిమెంటంతా చేసేసింది.

ఉత్పత్తి పడిపోయిందని నివేదికలో ఉంటేనే అక్కడి కార్మికులకు ప్రభుత్వం వేరే పని చూపిస్తుంది. ఆ అంకె అలాగే ఉంటే అన్నయ్యకు కుళాయిలే గతి.

డైరెక్టర్ అంతా విని కళ్లజోడు తీశాడు. "అన్నగారి కోసం అంకె మార్చావంటారమ్మా."

"మార్చింది అప్పుడండీ. ఇప్పుడు దిద్దుతున్నా."

ఫారం మీద కర్మాగారం వాళ్ల సంతకం ఉండాలనీ, అక్కడ తాళం తప్ప ఎవరూ లేరనీ అన్నాడాయన. ఆమె ఆయన ఎదుటే అన్నయ్యకు ఫోన్ చేసింది. పోయిన ఏడాది బట్టీ ఆర్పే దాకా ఎంత సిమెంటు తీశారని అడిగింది.

"నాలుగు నెలలు. అరవై ఒక్క వేల రెండొందల టన్నులు. ఎందుకే?"

డైరెక్టర్ ఆ టన్నుల్ని రైలు దింపిన బొగ్గుతో సరిచూశాడు. కుదిరింది. రెండోసారి చూశాడు. ఆ ఘనత గురించి పత్రికలకు రాసిన కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, అన్నయ్యను సంతకానికి రమ్మనమన్నాడు.

మూడున్నరకి అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో, బట్టీ రోజువారీ లెక్కల పుస్తకంతో వచ్చాడు. ఆఖరి షిఫ్టు ఇన్‌చార్జిగా ఫారం మీద సంతకం పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వరండా వైపు చెవి ఒగ్గాడు.

"మీ కుళాయి నిజంగానే కారుతోందే. పానా ఉందా?"