తిత్తి మామ శ్రుతి

తొంభై ఆరో కుర్చీ వేసేసరికి తిత్తి మామ నడుము కటుక్కుమంది. ఆయన పట్టించుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నెలలో మొదటి ఆదివారం పొద్దున, ఆ హాల్లో, ఆ కుర్చీ దగ్గర ఆ నడుము అలాగే అంటుంది. అనకపోతే లెక్క తప్పిందేమోనని ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటాడు.

కుర్చీలు వేయడం ఎవరికైనా వచ్చుననుకుంటారు. వేసి చూస్తే తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు చేతులున్న కుర్చీ కావాలి. చెముడు ఉన్నవాళ్ళకు ముందు వరస కావాలి గానీ, చెముడు ఉందని వాళ్ళకు తెలియకూడదు. పోయిన నెల మాటామాటా అనుకున్న ఇద్దరు వదినామరదళ్ళ మధ్య సరిగ్గా మూడు కుర్చీల ఎడం ఉండాలి. రెండైతే గిల్లుకుంటారు, నాలుగైతే అరుచుకుంటారు. ఇక ప్రార్థనల సంగతి. మోకరిల్లేవాళ్ళు ఎడమవైపు, చేతులు చాచేవాళ్ళు కుడివైపు, కళ్ళు మూసుకునేవాళ్ళు మధ్యలో. ఏ దేవుడి జోలికీ పోకుండా ఉత్త పాట కోసం వచ్చేవాళ్ళు వెనక గోడవార. అందరికంటే ముందొచ్చేది వాళ్ళే.

ఇంతమందికి కుర్చీలు వేసిన మనిషి ఆ కుర్చీల్లో ఒక్కదాని మీదా ఏనాడూ కూర్చోలేదు. ఆయన చోటు వేరు. హాలు చివర అరుగు మీద బీరువా అంత హార్మోనియం పెట్టె ఉంది. దాని వెనక చిన్న ముక్కాలిపీట. ఆ పీట మీద కూర్చుని పెట్టె తిత్తిని లాగుతూ వదులుతూ ఉండటం ఆయన పని. ముందున్నవాళ్ళకు ఆయన బట్టతల మీది మెరుపు మాత్రం కనిపిస్తుంది. అలా తిత్తి మామ అయ్యాడు. అసలు పేరు పెళ్ళాన్ని అడిగితే ఆవిడే ఒక నిమిషం ఆలోచించేది.

ఆ పెళ్ళామే, ఊరంతా అత్త అని పిలిచే మనిషి, ఫ్లాస్కుతో టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“ఏమయ్యో, పెళ్ళికొడుకులా అలా నిలబడిపోయావేం? మళ్ళీ ఆయాసమా?”

“ఆయాసం లేదు, గీయాసం లేదు. పెట్టెను చూస్తున్నా.”

“ముప్పై ఏళ్ళ నుంచి చూస్తూనే ఉన్నావు. నన్నందులో సగం చూసుంటే నేనూ కాస్త పాడేదాన్ని. డాక్టరు దగ్గరికి రేపు వెళ్తున్నాం. నవ్వకు.”

ఆయన నవ్వలేదు. నవ్వు వచ్చే పరిస్థితి కాదు. కొత్తగా వచ్చిన పాటల టీచరమ్మ, మంచి పిల్ల, మూడు రోజుల కిందట ముచ్చటపడి పట్నంనుంచి ఒక మేస్త్రీని పిలిపించి పెట్టె బాగు చేయించింది. ఆ మేస్త్రీ లోపలి ఇత్తడి రీడ్లన్నీ తుడిచి సరిచేస్తూ, “ఎవడో దద్దమ్మ దీనికి మైనం అంటించాడండీ” అని ఒక చుక్క గీకి కిటికీలోంచి పారేశాడట. టీచరమ్మ ఆ సంగతి తిత్తి మామకు నవ్వుతూ చెప్పింది. ఆ దద్దమ్మ తల గోక్కుంటూ విన్నాడు.

ఆ మైనానికి ఒక కథ ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఊళ్ళో కొట్లాటలతో ఒక పాడు వారం వచ్చింది. ఏ వీధివాళ్ళు ఆ వీధిలో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. పక్కింటివాడి దగ్గు వినిపిస్తే ఉలిక్కిపడిన వారం. అది గడిచాక ఒక పెద్దావిడ ఈ హాలు తెరిపించి, అందరినీ నెలకొకసారి వచ్చి పాడి పొమ్మంది. పోయిన భర్త పెట్టెను హాలుకిచ్చింది. ఒక్కటే షరతు పెట్టింది. ఏ పాట వాయించినా అది ఎవరో ఒకరి పాట అవుతుంది కాబట్టి ఆ పెట్టె మీద ఏదీ వాయించకూడదు. వేలితో నొక్కే మెట్లలో ఒకే ఒక్కదాని మీద అరకిలో తూకం రాయి పెట్టి, ఒకే స్వరం మోగిస్తూ ఉండాలి. ఆ శ్రుతి పట్టుకుని ముందు ఎవరి పాట వాళ్ళు పాడాలి. చివర అందరికీ తెలిసిన ఒకే వరసలో, ఎవరి మాటలు వాళ్ళు, అందరూ కలిసి పాడాలి.

ఆ పెట్టెను ఒంటరిగా హాల్లోకి ఈడ్చుకొస్తూ తిత్తి మామ మెట్ల మీద జారాడు. పెట్టె పడింది. అప్పటికి హాలు పనిలో చేరి రెండు రోజులు. తెరిచి చూస్తే, మోగాల్సిన ఆ ఒక్క రీడే వంగి ఉంది. చాకు మొనతో సరిచేశాడు, గరగరమంది. కొవ్వొత్తి మైనం చుక్క తీసి కొసన అంటించాడు, గరగర పోయింది. మైనం బరువుకు శ్రుతి కూడా ఒక మెట్టు కిందికి దిగింది. ఎవరికీ చెప్పలేదు.

అంతే, ఊరు మొత్తం దిగింది. ఆ శ్రుతికి అలవాటుపడి మోకరిల్లేవాళ్ళ పాట దిగింది, చేతులు చాచేవాళ్ళ పాట దిగింది, తల్లుల జోలపాటలు దిగాయి. పాలమ్మే మనిషి కేక దిగింది. పక్క మిల్లు సైరను కూడా మొహమాటపడి కాస్త తగ్గిందంటారు. పై ఊరినుంచి కోడలై వచ్చిన పిల్లకు ఈ ఊరి కాకుల గొంతు కొత్తగా వినిపించిందనీ అంటారు. ఇందులో సగం కోతలే అనుకున్నా, మిగిలిన సగమే చాలు.

అరకిలో రాయి మెట్టు మీద పెట్టి, ముందుగా ఒకసారి తిత్తి లాగి చూశాడు తిత్తి మామ. కొత్త గిన్నెలా ఖణేల్‌మన్న స్వరం, పైనెక్కడో మోగింది.

“ఎంత బావుందో చూశారా మామా!” అంది టీచరమ్మ.

“బావుంది తల్లీ. మరీ బావుంది,” అన్నాడాయన. చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడే ముందు వరస మొదటి కుర్చీలోకి, చేతికర్ర టకటకమనిపిస్తూ, పెట్టె ఇచ్చిన పెద్దావిడ వచ్చి కూర్చుంది. తొంభై ఏళ్ళ మనిషి. ఆయన పెట్టె వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

పది గంటలకు హాలు నిండింది. ఎవరి పాట వాళ్ళు పాడే దాకా ఎలాగో నడిచింది, కాస్త దగ్గులతో, కాస్త నీళ్ళతో. అసలు గండం చివరి పాట దగ్గర వచ్చింది. అందరూ లేచారు. మొదటి పాదం ఎక్కారు. రెండో పాదం పాక్కుంటూ ఎక్కారు. మూడో పాదంలో స్వరం పైకి వెళ్ళేచోట, ఎడమవైపు నలభై గొంతులు ఒక్కసారి పుటుక్కున తెగాయి. కుడివైపు గొంతులు కీచుమన్నాయి. మధ్యలో కళ్ళు మూసుకున్నవాళ్ళు కళ్ళు తెరిచేశారు.

“ఏమయ్యా దర్జీ, మీవాళ్ళు కావాలని ఎత్తుకుంటున్నారా?” అన్నాడు ఎడమవైపునుంచి గడియారాలు బాగుచేసే పెద్దమనిషి.

“మేమెత్తడమా? మీ వైపు అరుపులకు మావాళ్ళ చెవులు చిల్లులు పడుతుంటేనూ!”

“అరుపులా? ప్రార్థనను అరుపులంటావా?”

“నువ్వు అనిపించావు, నేనన్నాను.”

ఆ ఇద్దరివీ ఎదురెదురు కొట్లు. ఆ పాడు వారంలో ఒకరి కొట్టు అద్దాలు ఇంకొకరి వాళ్ళు పగలగొట్టారు. తర్వాత ఈ హాల్లోనే, ఈ చివరి పాట దగ్గరే, మళ్ళీ మాట కలిసింది. ఇప్పుడు దర్జీ గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన వెనక నాలుగు కుర్చీలు కిర్రుమన్నాయి. వదినామరదళ్ళ మధ్య మూడు కుర్చీల ఎడం చాలడం లేదు. తిత్తి మామ అదంతా పెట్టె సందులోంచి చూస్తున్నాడు, చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ పాట మధ్యలో ఆ చేతులు ఆగింది లేదు.

ఆపేశాడు.

పెట్టె ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. హాలంతా ఇటు తిరిగింది. బట్టతల ముందు లేచింది, తర్వాత దాని కింద మనిషి లేచాడు. ఆయన పొడవెంతో చాలామంది చూడటం అదే మొదలు.

“వాళ్ళ తప్పేం లేదు,” అన్నాడు. ఈసారి గట్టిగా అన్నాడు. “ఎవరి తప్పూ లేదు. ఈ పెట్టెను నేను పడేశాను. మొన్న కాదు, దీన్ని తెచ్చిన రోజే. రీడు వంగితే మైనం పెట్టి దాచాను. మీరంతా నా తప్పుకే పాడుతున్నారు ఇన్నేళ్ళూ. మొన్న మేస్త్రీ దాన్ని గీకేశాడు. అందుకే అందడం లేదు.” పెద్దావిడ వైపు తిరిగాడు. “అమ్మగారూ, మీ ఇంటాయన పెట్టె. చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తర్వాత… తర్వాత అలవాటైపోయింది.”

పెద్దావిడ కర్ర మీద గడ్డం ఆనించింది.

“ఒరే, నలభై ఏళ్ళు కాపురం చేశాను ఆ పెట్టెతో. దాని గొంతు మారితే నాకు తెలీదట్రా?”

“మరి… అడగలేదే అమ్మగారూ?”

“ఎందుకడుగుతాను? ఆయన వాయిస్తుంటే నాకు ఏనాడూ అందేది కాదు. వంటింట్లో గొణుక్కునేదాన్ని. నువ్వు పడేశాకే కదరా నేను పాడింది!” కర్ర నేలకేసి తట్టింది. “నిలబడ్డావేం? పెట్టు మైనం.”

వెనక గోడవారనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. బల్ల మీద వెలుగుతున్న కొవ్వొత్తి కిందినుంచి తిత్తి మామ చిటికెడు మైనం తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. టీచరమ్మ పెట్టె మూత ఎత్తి పట్టుకుంది. ఆయన రీడు కొసన చుక్క పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమాడు. మోగించి చూశాడు, కొంచెం తీశాడు. మళ్ళీ అదిమాడు. మళ్ళీ మోగించాడు.

ఇంటికొచ్చినట్టు వచ్చింది ఆ స్వరం.

గొడుగు కుర్చీ కిందికి పోయింది. మూడో పాదం దగ్గర గడియారాలాయన, దర్జీ ఒకరినొకరు చూసుకుంటూ ఎక్కారు, ఇద్దరూ ఎక్కారు. పెద్దావిడ గొంతు అందరిలో సన్నగా, దారంలా వినిపించింది. పెట్టె వెనక తిత్తి మామ చొక్కా వీపంతా తడిసింది. ఆయన ఎప్పుడూ పాడడు, ఊపిరంతా పెట్టెకే కదా. ఆ రోజు మాత్రం పెదాలు కదిలాయని టీచరమ్మ తర్వాత చెప్పింది.

జనం వెళ్ళిపోయారు. తలుపులోంచి మధ్యాహ్నపు ఎండ చాపలా హాల్లో పరుచుకుంది. తిత్తి మామ పన్నెండు కుర్చీలు ఒకదాని మీదొకటి పేర్చి, పదమూడోదాని వీపు పట్టుకుని ఆగాడు.

“ఒసేయ్, కాసేపు కూర్చుంటానే.”

“అమ్మయ్య, ఇన్నేళ్ళకు బుద్ధొచ్చింది. కూర్చో మహారాజా.” అత్త చీర కొంగు దోపుకుని కుర్చీలు పేర్చడం మొదలుపెట్టింది. “ముప్పై ఒక్క ఏళ్ళు పక్కలో పడుకుని నాక్కూడా చెప్పలేదే! మైనమట, మైనం. ఇంకా ఏమేం దాచావో. పెళ్ళిచూపులప్పుడు మీ అమ్మ నీ వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పిందని నాకు తెలుసులే, అదీ ఒప్పుకో ఇవ్వాళే.”

ఆయన చిన్నగా నవ్విన చప్పుడు వినిపించింది. ఆవిడ ఇంకో వరస పేర్చింది. ఆయన మరదలి పెళ్ళినాటి గొడవ ఎత్తింది, రేపటి డాక్టరు సంగతి ఎత్తింది, ఊఁ కొట్టమని రెండుసార్లు అడిగింది. అరవయ్యో కుర్చీ దగ్గర వెనక్కి తిరిగింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, అరచేతులు పైకి. బాగా వింటున్నవాడిలా తల కాస్త పక్కకు ఒరిగింది.

అత్త చేతిలోని కుర్చీని చప్పుడు చేయకుండా కింద పెట్టింది.

తర్వాతి నెల ముక్కాలిపీట మీద గడియారాలాయన కాసేపు, దర్జీ కాసేపు కూర్చున్నారు. తిత్తి లాగడం ఇద్దరికీ రాలేదు, నువ్వు పాడు చేశావంటే నువ్వని పోట్లాడుకుంటూనే లాగారు. అంతకుముందురోజు టీచరమ్మ దుమ్ము దులుపుదామని పెట్టె మూత ఎత్తింది. ఇత్తడి రీడ్లన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. వాటి మధ్య ఒక్కదాని కొసన పసుపుపచ్చని మైనపు చుక్క ఉంది. దాని మీద బొటనవేలి ముద్ర, గీతలు గీతలుగా, స్పష్టంగా.