తారుమారైన వైర్లు

“అది పేలుతుందే, మొహం దూరంగా పెట్టవే!” అంది తల్లి, కూతురు తన ట్యాక్సీ బానెట్ ఎత్తకముందే.

అన్నట్టే, కూతురు తాళం తిప్పగానే సైలెన్సర్ ఢామ్మంది.

“ఇంజన్ పోయింది, తుక్కు కింద అమ్మేద్దాం,” అన్నాడు తండ్రి.

“నా బండి నేనమ్మను!” కూతురు ప్లగ్గు వైర్లు తడిమి చూసింది. “రెండు వైర్లు తారుమారయ్యాయి. వేళ తప్పి నిప్పు పడుతోంది, అందుకే ఈ మోత. ఎవరు పీకారు?”

కూతురు వైర్లు సరిచేసింది. ఈసారి తల్లే వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని తాళం తిప్పింది. ఇంజన్ బుద్ధిగా తిరిగింది.

ఆమె చేతులు నడుం మీద పెట్టుకుని భర్తకు ఎదురుగా నిలబడింది. “రేపూ నా కూతురు బండి తోలుతుంది. ముందు దాని ప్రశ్నకు జవాబు చెప్పండి.”

ఆయన టైర్ల వంకే చూస్తూ అన్నాడు:

“నేనే పీకాను, పిల్ల బండేసుకుని రోడ్డెక్కకూడదని. భయం నీకొక్కదానికేనా?”